నమ్రత కంచంలో ముక్కలు

అందరి భోజనాలూ అయ్యాక, కూర వండిన బాణలిలో అడుగున మిగిలిన గుజ్జులో ఇంత అన్నం వేసి, గరిటెతో అంచులన్నీ గీకి కలుపుకుని తింటే ఆ రుచి ముందు ఏ ముక్కా పనికిరాదని నమ్రత పెళ్లయినప్పటి నుంచీ చెబుతూ వచ్చింది. చుట్టాలకు చెప్పింది, స్నేహితులకు చెప్పింది, తనకు తాను కూడా చెప్పుకుంది. అది పచ్చి అబద్ధమని తెలియడానికి ఆమెకు నలభై దాటిన వయసూ, హద్దు దాటబోతున్న షుగరూ, మిషిగన్‌లో డెనీస్ అనే ఒక డైటీషియనూ కావలసి వచ్చాయి.

ట్రాయ్ అనే ఊళ్లో, ఆ ఇంట్లో కోడికూర పంపకం ఎవరూ రాసిపెట్టని శాసనం. లెగ్ పీసులు కూతురు అవనికి. ఎముకల్లేని మెత్తటి ముక్కలు భర్త శశికాంత్‌కి, ఎందుకంటే కార్ల కంపెనీలో రోజంతా మీటింగుల్లో మెదడు కరిగించుకుని వస్తాడు. మారు వడ్డన కూడా అతనికే, ఎందుకంటే అడుగుతాడు. ఇంకా మిగిలినవి మర్నాటి లంచ్ బాక్సుల్లోకి. నమ్రత కూడా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీముకి లీడ్, ఆమె కూడా మీటింగుల్లోంచే ఇంటికి వస్తుంది. కాకపోతే ఆమె మెదడు ఏమైందని ఎవరూ ఆరా తీయలేదు.

ఈ శాసనం పుట్టింది రేపల్లెలో, అత్తవారింట్లో. కాపురానికి వెళ్లిన కొత్తలో ఒకసారి నమ్రత మొదటి వడ్డనలోనే కంచంలో రెండు ముక్కలు వేసుకుంటే అత్తగారు లీలావతమ్మ నవ్వుతూనే అంది. "ఆడవాళ్లు ముక్కలేరుకుని తింటే ఇల్లు నిలవదమ్మాయ్. పులుసు పోసుకో, నాలుగు ముద్దలు ఎక్కువ పోతాయి." నవ్వుతూ అన్న మాట కదా, నమ్రత కూడా నవ్వింది. ఆ నాలుగు ముద్దలూ నిజంగానే ఎక్కువ పోయాయి. ఏడాదికేడాది నడుం చుట్టూ, పొట్ట చుట్టూ చేరాయి. కిందటేడు ఉగాది పార్టీలో నలుగురి ముందు శశికాంత్, "మా ఆవిడ తినేది ఎవరికీ కనపడదండీ, ఒళ్లు మాత్రం అందరికీ కనపడుతుంది" అని జోకేశాడు. ఆ జోక్‌కి కూడా ఆమె నవ్వింది. ఇంటికొచ్చి, చీర మార్చుకుంటూ అద్దం వైపు చూడకుండా పక్కకి తిరిగి మార్చుకుంది.

సంవత్సరానికోసారి చేయించుకునే పరీక్షల్లో షుగర్ అంచుకొచ్చిందని తేలాక డాక్టర్ ఆమెను డెనీస్ దగ్గరికి పంపింది. డెనీస్‌కి అరవై దగ్గర పడి ఉంటాయి. ఎర్ర కళ్లజోడు, పెద్ద గొంతు. నిన్న రాత్రి ఏం తిన్నావని అడిగింది.

"చికెన్ కర్రీ, బెండకాయ వేపుడు, పప్పు, పెరుగు," అంది నమ్రత గడగడా.

"అది మీ ఇంట్లో వండింది హనీ. నువ్వేం తిన్నావు?"

నమ్రత వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గుజ్జులో అన్నం తిన్నది. పప్పు గిన్నె కడిగేసే ముందు అందులో ఇంకాస్త అన్నం. పెరుగన్నం. అవని వదిలేసిన మాకరోనీ, పారబోయడం ఇష్టం లేక. ఒక్కటొక్కటే చెబుతుంటే తన భోజనమంతా అన్నమూ, ఇతరుల ఎంగిలీ తప్ప ఇంకేమీ లేదని ఆమెకే వినపడింది. డెనీస్ అన్నం, బ్రెడ్డు, తీపి బాగా తగ్గించమంది. కంచంలో సగం కూరలూ ఆకుకూరలూ ఉండాలంది. పక్కన చేపో, మాంసమో, గుడ్లో, పనీరో దండిగా ఉండాలంది. నెయ్యి చూసి మరీ అంత భయపడక్కర్లేదంది. కడుపు నిండా తినాలని రెండు మూడుసార్లు చెప్పింది.

నిజానికి డెనీస్ చెప్పింది రెండు సంగతులు. కొన్ని మానెయ్యి, కొన్ని తిను. నమ్రతకి మొదటిదే వినపడింది. ఆమెను తప్పు పట్టి లాభం లేదు. మానెయ్యమనే మాట వినడానికి ఆడవాళ్ల చెవులకి పుట్టినప్పటి నుంచీ శిక్షణ ఉంది. తినమనే మాట ఎవరైనా అంటే, అది పక్కవాళ్లతో అన్నారనుకుని వెనక్కి తిరిగి చూసే రకం మనం.

ఇంట్లో చెబితే అందరూ మెచ్చుకున్నారు. "గుడ్, గుడ్. విల్ పవర్ కావాలి దానికి. చూద్దాం, ఎన్నాళ్లుంటావో," అన్నాడు శశికాంత్. విజిటర్ వీసా మీద వేసవికి వచ్చిన లీలావతమ్మ అయితే పొంగిపోయింది. "మా అమ్మ కార్తీకమాసం నెల్లాళ్లూ ఒంటిపూటే ఉండేది. ఆడదానికి ఉపవాసం ఓ లెక్కా?" అంది. పెళ్లయ్యాక తన నిర్ణయానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి ఒప్పుకున్నది బహుశా అదొక్కటే అనుకుంది నమ్రత. అదెందుకో మాత్రం ఆలోచించలేదు.

అన్నం పోయింది. ముక్కలు ఎలాగూ లేవు. ఇక మిగిలింది పులుసు. చిన్న గిన్నెలో పులుసు పోసుకుని స్పూనుతో తాగేది. నాలుగు కీరదోస చక్రాలు, గ్లాసు మజ్జిగ. శశికాంత్ మారు వడ్డించుకుంటూ "సూపర్ కంట్రోల్" అనేవాడు. ఒకరోజు ఆఫీసులో స్క్రీన్ షేర్ చేస్తూ మాట్లాడుతుండగా అక్షరాలన్నీ అలుక్కుపోయినట్టయి, బల్ల అంచు పట్టుకుని "ఐ యామ్ ఫైన్, ఐ యామ్ ఫైన్" అంది, ఎవరూ అడగకముందే. ఆ సాయంత్రం గరాజ్‌లో కారు ఆపి, దిగకుండా, అవని లంచ్ బాక్సులో మిగిలిన బ్రెడ్డు అంచులూ కుకీ ముక్కలూ ఒక్కటి వదలకుండా తినేసింది. కుకీ పొడి అంటిన చేతులతోనే స్టీరింగ్ పట్టుకుని కాసేపు ఏడ్చింది. దువ్వెనకి జుట్టు గుత్తులుగా వచ్చేది. బరువు తగ్గడం మాట అటుంచి, కాస్త పెరిగింది కూడా.

"ఎక్కడో చీట్ చేస్తున్నావ్," అన్నాడు శశికాంత్, నేరం పట్టేసినట్టు.

రెండోసారి వెళ్లినప్పుడు డెనీస్ ఫోన్‌లో భోజనాల ఫోటోలు చూపించమంది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూస్తూ, "ఈ చికెన్ సూప్ భలే రంగుగా ఉందే. ఇందులో చికెన్ ఎక్కడ?" అని అడిగింది.

"సూప్ కాదు, కూరే. చికెన్ మా ఆయనా, పాపా..." అని మొదలుపెట్టి నమ్రత ఆగిపోయింది.

"వండిందెవరు?"

"నేనే."

డెనీస్ ఫోన్ తిరిగి చేతికిచ్చింది. "నేను చెప్పిన డైట్ నువ్వింకా మొదలే పెట్టలేదు హనీ. నువ్వు చేస్తున్నది ఆకలితో ఉండడం. వచ్చేసారి నాకు చికెన్ ఉన్న ఫోటో చూపించు," అంది.

పార్కింగ్ లాట్‌లో కారు దాకా నడుస్తుంటే నమ్రతకి సిగ్గేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. ముందు తన మీద, తర్వాత శశికాంత్ మీద, ఆ తర్వాత రేపల్లె మీద, చివరికి రెండే కాళ్లతో పుట్టిన కోడి మీద కూడా వచ్చింది. ఇన్నేళ్లు తన ఇంట్లో, తన చేత్తో, తన కంచానికి తనే అన్యాయం చేసుకుంది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఎవరికీ బలవంతపెట్టే అవసరం రానివ్వలేదు, అదీ బాధ. అన్నం మానేస్తానంటే అందరూ ఎందుకు చప్పట్లు కొట్టారో ఇప్పుడర్థమైంది. అందులో ఎవరికీ తగ్గేది ఏమీ లేదు.

ఆ రాత్రి చికెన్ కూర దించగానే, ఎవరినీ భోజనానికి పిలవకముందే, కంచం తీసుకుని తను వడ్డించుకుంది. సగం కంచం క్యాబేజీ కొబ్బరి కూర. పక్కన ముక్కలు, అందులో ఒక లెగ్ పీస్. నలభై దాటిన మనిషికి, ఇంటి లోన్ మీద సంతకం పెట్టిన మనిషికి, కోడికాలు కంచంలో వేసుకోవడానికి ధైర్యం కావలసి వచ్చిందంటే నవ్వొస్తుంది గానీ, నిజంగా కావలసి వచ్చింది. టేబుల్ దగ్గర కూర్చుని ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

అవని కళ్లు పెద్దవి చేసింది. "అమ్మా! వాట్ ఆర్ యూ డూయింగ్? నువ్వు వెజిటేరియన్ కదా?"

"నేనా? ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలే. నువ్వు ఎప్పుడూ తినవు కదా. ఐ థాట్... ఎదురింటి రైలీ వాళ్ల మామ్‌కి కూడా అదే చెప్పాను."

కిందటి వేసవిలో ఎదురింటి బార్బెక్యూలో అందరికీ చికెన్ ఇచ్చి, తనకొక్కదానికే పుట్టగొడుగు బర్గర్ విడిగా కాల్చి ఎందుకిచ్చారో నమ్రతకి అప్పుడు తెలిసింది. ప్రత్యేక మర్యాద కాబోలనుకుని థాంక్యూ చెప్పి మరీ తిన్నది. తన కడుపున పుట్టిన పిల్ల పన్నెండేళ్లుగా తనను చూస్తూ, అమ్మకి మాంసం పడదని నమ్ముతూ పెరిగింది. నీళ్లు తాగి, మళ్లీ తుంచుకుంది.

"వెజిటేరియన్ కాదు తల్లీ. నాకు చికెనంటే చాలా ఇష్టం," అంది.

శశికాంత్ కంచం వైపు చూశాడు. "డైటింగన్నావ్?"

"డైటింగే."

"డైటింగంటే తినకుండా ఉండడం కదా. నువ్వేంటి మా అందరికంటే ఎక్కువ లాగిస్తున్నావ్?"

"అన్నం లేదు చూడండి. ఇదే నా డైటు."

"ఏం డైటో," అని లీలావతమ్మ కూరగిన్నెలోకి తొంగిచూసి, తన అన్నంలో పులుసు పోసుకుంది.

ఇక అక్కణ్నించి నమ్రత తిండి చూడాలి! పొద్దున్నే అందరి బాక్సులూ సర్దే ముందు, నేతిలో వేయించిన గుడ్లు, మిరియాలు చల్లుకుని, కూర్చుని తినేది. కూర్చుని అన్నది గమనించాలి, అప్పటిదాకా ఆమె పొద్దుటి పూట కూర్చున్నది కార్లోనే. గోంగూర రొయ్యలు వండింది. నిమ్మకాయ పిండిన చేప వేపుడు చేసింది. పెసరట్టు పలచగా పోసి, ఉల్లిపాయలూ పనీరూ దట్టించింది. వంకాయలో కారం కూరి నూనెలో మగ్గబెట్టి, అన్నం తోడు లేకుండా ఒట్టిదే తిని, వంకాయకి ఇంత రుచుందా అని ఆశ్చర్యపోయింది. అన్నం ఎన్ని రుచుల్ని కప్పేసిందో పాపం. మధ్యాహ్నాల నిద్రమత్తు పోయింది. ఎవరి మీదా ఊరికే విసుగు రావడం లేదు. వచ్చినప్పుడు మాత్రం తగిన కారణంతోనే వస్తోంది. పాత జీన్స్ ఒకటి అల్మరా అడుగునుంచి తీసి వేసుకుంటే బటన్ పట్టింది. అద్దం ముందు నిలబడి ఎడంవైపు, కుడివైపు, వెనక్కీ తిరిగి చూసుకుంది. తనే కనపడింది. బాగుందనిపించింది.

ఈలోగా ఇంట్లో కొత్త ఫిర్యాదు పుట్టింది. ముక్కలు చాలట్లేదు. "ఇదివరకు ఇంతే వండేదానివి, ఇప్పుడేంటి చాలట్లేదు?" అనేవాడు శశికాంత్ గరిటెతో గిన్నె అడుగు కెలుకుతూ. చాలకపోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ ఉంది. ఇదివరకు అది ఒక్క కంచంలోనే ఉండేది గనక అతనికి కనపడలేదు, అంతే.

శశికాంత్‌తో పనిచేసే ఫణి, వేరే రాష్ట్రంలోని క్యారీ అనే ఊరి నుంచి ఈమధ్యే ట్రాయ్‌కి మారాడు. అతన్నీ భార్య భవితనీ ఆదివారం భోజనానికి పిలిచారు. శనివారం నమ్రత హామ్‌ట్రామిక్ అనే దగ్గర్లోని ఊరి దాకా డ్రైవ్ చేసి, బంగ్లాదేశీ హలాల్ షాపులో నిలబడి, తొడ భాగం చూపించి మటన్ కొట్టించుకొచ్చింది. దాన్ని కడుగుతుంటే శశికాంత్ వంటగదిలోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"రేపొక్కరోజు ఆ డైటు పక్కన పెట్టు నమ్రతా. కొత్తవాళ్లు. వాళ్ల ముందు కంచం నిండా ముక్కలేసుకుని కూచుంటే బాగోదు. ముందు మేం తినేస్తాం, తర్వాత మీ లేడీస్ తీరిగ్గా తినండి. వాళ్లెళ్లాక మళ్లీ నీ ఇష్టం."

మటన్ కడుగుతున్న నమ్రత చేతులు ఆగాయి. ఒక్కరోజే కదా, ఏమవుతుంది? ఒక్కరోజుకి షుగరేమీ పెరిగిపోదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. కానీ రేపల్లెలో కూడా ఒక్కరోజే అది. ఒక్కరోజు నవ్వి పులుసు పోసుకుంటే ఇన్నేళ్లు పట్టింది అందులోంచి బయటపడడానికి. రేపు మళ్లీ మగవాళ్లకి వడ్డించి, వెనకాల వంటగదిలో నిలబడితే, ఎల్లుండి తనకు బయటికొచ్చే ధైర్యం ఉంటుందో లేదో. భయమేసింది. తిండి దగ్గర ఇంత భయమా అని కోపమూ వచ్చింది. రాత్రంతా దాని గురించే అనుకుంటూ పడుకుంది.

ఆదివారం పొద్దున్న టేబుల్ మీద ఆరు కంచాలు పెట్టింది. కుర్చీలు ఆరే. మనుషులూ ఆరుగురే. ఆ టేబుల్ కొన్నప్పటి నుంచీ దాని చుట్టూ అందరికీ చోటుంది, ఎవరూ లెక్క వేసి చూడలేదు.

అతిథులు వచ్చారు. కబుర్లయ్యాయి. మటన్ ఘుమఘుమకి ఫణి రెండుసార్లు వంటగది వైపు చూశాడు. భోజనాలకి లేవగానే భవిత అలవాటుగా నమ్రత వెనకాలే వంటగదిలోకి వచ్చేసి, చున్నీ నడుముకి చుట్టుకుంది. "వాళ్లకి వడ్డించేద్దాం అక్కా. మనం తర్వాత తిందాంలే."

"ఎందుకు?"

భవిత తికమకపడింది.

"రా, చల్లారిపోతుంది," అని నమ్రత మటన్ గిన్నె తెచ్చి టేబుల్ మధ్యలో పెట్టి, ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. భవితని పక్కన కూర్చోబెట్టింది. సోఫాలో కూర్చుని "మీరు కానివ్వండమ్మా" అంటున్న లీలావతమ్మని పేరుపెట్టి పిలిచినట్టుగా గట్టిగా పిలిచింది. "అత్తయ్యా, రండి. మీ కంచం ఇక్కడ."

శశికాంత్ ముఖంలో రంగు మారింది. దాన్ని నవ్వులో కలిపేద్దామని చూశాడు. "ఫణీ, ముందే వేసుకో బ్రో. మా ఇంట్లో ఇప్పుడు డైటింగ్ నడుస్తోంది. ముక్కలకి గ్యారంటీ లేదు."

ఫణి పగలబడి నవ్వాడు. "ఇదేం డైటు వదినా? భలే ఉందే. మాక్కూడా చెప్పండి."

ఉగాది నాడు నవ్వినట్టు నవ్వేసి ఊరుకోవచ్చు. నమ్రత నవ్వలేదు. అలాగని గొంతూ పెంచలేదు. గిన్నెలోంచి మంచి ముక్కలు చూసి తన కంచంలో వేసుకుంటూ చెప్పింది.

"చాలా తేలికండీ ఫణి గారూ. వండినవాళ్లు కూడా తినడమే."

భవిత పక్కున నవ్వింది. నవ్వి, భర్త వైపు చూడకుండా, గరిటె అందుకుని తన కంచంలో వేసుకుంది. ఒకటి కాదు, బాగానే వేసుకుంది. నమ్రతకి చెప్పలేని హాయిగా ఉంది.

గరిటె మళ్లీ తన చేతికొచ్చాక అత్తగారి వైపు తిరిగింది. "మీకేం వెయ్యను అత్తయ్యా?"

"నాకేముందమ్మా, కాస్త పులుసు పొయ్యి. నా పళ్లతో నేనేం తింటాను."

గరిటె పులుసులోకి దిగబోయి ఆగింది. ఇల్లు నిలవదన్న మనిషి ఈమే. ఆ మనిషి కంచంలో ముక్క తను కూడా ఎన్నడూ చూడలేదన్న సంగతి నమ్రతకి ఇప్పుడే తట్టింది. ఈమెకి ఆ మాట నవ్వుతూ చెప్పిందెవరో! ఉన్నట్టుండి ఆ ముసలామె మీద ఎన్నేళ్లుగానో ఉన్న కోపం సగం పైగా కరిగిపోయింది.

"పళ్ల సంగతి తర్వాత. మీకేది ఇష్టమో అది చెప్పండి," అంది.

లీలావతమ్మ కొడుకు వంక చూసింది. గిన్నె వంక చూసింది. ఆ ప్రశ్న తనను కాదేమో అన్నట్టు మళ్లీ కోడలి వంక చూసింది. నమ్రత గరిటె పట్టుకుని అలాగే ఉంది, తొందరపెట్టలేదు. చివరికి ఆమె చూపుడువేలు మెల్లగా లేచి, గిన్నెలో ఒక పక్కగా పైకి తేలిన లావుపాటి ఎముకను చూపించింది.

"ఆ మూలుగ బొమిక వెయ్యి."

"అమ్మా, అది నాది కదే," అన్నాడు శశికాంత్, ఉన్న వయసంతా మరిచిపోయి. "చిన్నప్పట్నుంచీ నువ్వే నాకేసేదానివి. అయినా నీకు పళ్లు కూడా బాలేవు!"

"మూలుగ జుర్రుకోడానికి పళ్లెందుకురా?" అంది లీలావతమ్మ.

ఎముకని రెండు చేతులా పట్టుకుని కంచం అంచుకేసి టకటకా కొట్టింది. నోటికి ఆనించి, కళ్లు మూసుకుని, గదంతా వినపడేలా జుర్రింది. అవని "వావ్ నానమ్మా!" అని కేకపెట్టింది. ఆమె కళ్లు తెరవలేదు. గడ్డం మీదికి కారిన పులుసు కూడా తుడుచుకోలేదు.

శశికాంత్ గిన్నె తన వైపు లాక్కుని, గరిటెతో అటూ ఇటూ వెతికాడు. గరిటె అడుక్కి తగిలి చప్పుడైంది.

"మరి నాకు?" అన్నాడు.

"పులుసుందండీ," అంది నమ్రత, ముక్క నములుతూనే. "బాగా కుదిరింది, పోసుకోండి."